ఊరూరికీ పుస్తకాల బండి నడపడం ఎలా: మేరీ టిట్కమ్ చేసి చూపించిన పద్ధతి

మీ ఊళ్లోనో మండలంలోనో పుస్తకాలు ఇంటింటికీ చేర్చాలని ఉంటే, బండి కొనకముందే, విరాళాలు అడగకముందే, మేరీ లెమిస్ట్ టిట్కమ్ అనే ఆవిడ ఏం చేశారో ఒకసారి తెలుసుకోండి. అమెరికాలో పల్లెలకు గుర్రబ్బండి మీద పుస్తకాలు పంపిన మొదటి లైబ్రేరియన్ ఆవిడేనని చెబుతారు. మేం ముగ్గురు స్నేహితులం నాలుగేళ్లుగా ఒక ట్రాలీ ఆటోలో ఏడు ఊళ్లకు పుస్తకాలు తిప్పుతున్నాం. మొదటి ఏడాది మేం చేసిన తప్పుల్లో చాలావాటిని ఆవిడ నూరేళ్ల కిందటే ఎదుర్కొని సరిచేసుకున్నారు, ఆ సంగతి ముందే తెలిసి ఉంటే మాకు ఒక ఏడాది కలిసొచ్చేది. అందుకే ఆవిడ కథ చెబుతూ, ఎక్కడ మీరేం చేయాలో కూడా మధ్యమధ్యలో చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఎవరితోనూ "ప్రపంచంలో మొట్టమొదటి పుస్తకాల బండి" అనకండి. ఇంగ్లండులోని వారింగ్టన్‌లో 1858లోనే గుర్రబ్బండి లైబ్రరీ తిరిగింది. టిట్కమ్ గారిది అమెరికాలో మొదటిదని చెబుతారు, అంతవరకే. నాకు ఆవిడలో బాగా నచ్చింది ఏమిటంటే చేసిన పనిని, తగిలిన ఎదురుదెబ్బలతో సహా, కాగితం మీద పెట్టారు. మనం ఇవాళ నేర్చుకోగలుగుతున్నామంటే అది ఆ కాగితాల వల్లే.

ఆవిడ 1852 మే 16న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్‌లో పుట్టారు. ఎక్సెటర్ అనే ఊళ్లో రాబిన్సన్ ఫిమేల్ సెమినరీలో చదువుకున్నారు. ఆ కాలంలో చదువుకున్న ఆడపిల్ల ఉద్యోగం చేయాలంటే పంతులమ్మో నర్సో అవ్వాలి. అలాంటి రోజుల్లో చర్చివాళ్లు వేసే చిన్న పత్రికలో, లైబ్రరీ పని అనేది ఆడవాళ్లకు కొత్తగా తెరుచుకుంటున్న ఉద్యోగం అని ఆవిడ చదివారు. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ పుట్టింది 1876లో, పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలు వేసి అమర్చే డ్యూయీ దశాంశ వర్గీకరణ అచ్చయింది కూడా అదే ఏడాది, లైబ్రేరియన్లకు శిక్షణ ఇచ్చే మొదటి స్కూలు న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో మొదలైంది 1887లో. అంటే ఆ వృత్తికే ఇంకా పాలపళ్లు ఊడని వయసు. మేరీ మసాచుసెట్స్‌లోని కాంకర్డ్‌కు వెళ్లి, అక్కడి పబ్లిక్ లైబ్రరీలో జీతం లేకుండా పని నేర్చుకున్నారు.

మీరు చేయాల్సిన మొదటి పని కూడా ఇదే. పుస్తకాలంటే ప్రేమ ఉండటం వేరు, పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడం తెలియడం వేరు. మీ దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, అక్కడి లైబ్రేరియన్ గారిని అడిగి, కనీసం ఒక నెల సాయంత్రాలు ఆయన పక్కన కూర్చోండి. కొత్త పుస్తకం రాగానే యాక్సెషన్ రిజిస్టరులో ఎలా ఎక్కిస్తారు, నంబరు ఎక్కడ వేస్తారు, సభ్యత్వ డిపాజిట్ ఎలా రాస్తారు, పుస్తకం పోతే ఏం చేస్తారు, చిరిగితే ఎలా అతికిస్తారు, ఏ పుస్తకం ఎన్నేళ్లుగా బీరువాలోంచి కదల్లేదు, ఇవన్నీ చూడండి. మేం ఇది చేయలేదు. నేరుగా పుస్తకాలు కొనేసి, నంబర్లు వేయకుండానే పంచేశాం, ఆరు నెలలయ్యాక ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు.

కాంకర్డ్ తర్వాత ఆవిడ వెర్మాంట్ రాష్ట్రంలోని రట్లండ్‌కు వెళ్లారు. అక్కడ పన్నెండేళ్ల దాకా ఉండి, లైబ్రరీకి పెద్ద దిక్కు అయ్యారు, ఆ రాష్ట్ర లైబ్రరీ కమిషన్ పని కూడా చూశారు. చిన్న చిన్న ఊళ్లలో లైబ్రరీలు ఎలా బతుకుతాయో, ఎలా మూతపడతాయో ఆవిడకు అక్కడే తెలిసి ఉండాలి. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో లైబ్రరీ పనికి దరఖాస్తు పెట్టుకుంటే దొరకలేదు. అది దొరకనందుకు ఆవిడ ఎంత బాధపడ్డారో గానీ, 1901లో మేరీల్యాండ్ రాష్ట్రం నుంచి పిలుపు వచ్చినప్పుడు ఆవిడ వయసు 50కి దగ్గరపడింది. "ఈ వయసులో మనకెందుకులే" అనిపించినప్పుడల్లా నేను ఈ అంకె గుర్తు చేసుకుంటాను. ఆవిడ పేరు ఇవాళ మనకు తెలియడానికి కారణమైన పనంతా ఆ తర్వాత చేసిందే.

ఆ పిలుపు హేగర్స్‌టౌన్ అనే ఊరి నుంచి వచ్చింది. వాషింగ్టన్ కౌంటీకి అది ముఖ్య పట్టణం. కౌంటీ అంటే మన లెక్కలో ఒక చిన్న జిల్లా అనుకోండి. బెంజమిన్ న్యూకమర్ అనే ధనికుడు ఇచ్చిన విరాళం ఊతంగా అక్కడివాళ్లు లైబ్రరీ కట్టుకున్నారు. అది పట్టణం వాళ్లకే కాదు, కౌంటీ మొత్తానికీ అని మొదట్లోనే రాసుకున్నారు. 1901 ఆగస్టులో తలుపులు తెరిచారు. మనకు ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి ఉంది, సరిగ్గా మరుసటి నెల, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం మొదలైంది. ఒకరి గురించి ఒకరికి తెలియదు. కానీ రెండు చోట్లా జనం ఒకే సమయానికి ఒకే పనికి నడుం కట్టారు.

ఇప్పుడు రెండో పని, లెక్క. టిట్కమ్ గారు మొదట చూసింది అలమార్లను కాదు, జనాభా లెక్కలను. కౌంటీలో సుమారు 45 వేల మంది ఉంటే అందులో సగానికి పైగా పల్లెల్లో, పొలాల మధ్య విడి ఇళ్లలో ఉన్నారు. వాళ్ల పేరు మీదే లైబ్రరీ ఉంది, వాళ్లకు మాత్రం అందదు. మీరూ ఒక కాగితం తీసుకుని మీ మండలం గీయండి, ఊళ్ల పేర్లు రాయండి, ఒక్కో ఊరికి పక్కన బడి ఉందా, ఏ తరగతి వరకు ఉంది, బస్సు ఎన్నిసార్లు వస్తుంది, పాత గ్రంథాలయం భవనం ఏదైనా తాళం వేసి ఉందా, సాయంత్రం జనం ఎక్కడ కూర్చుంటారు, రచ్చబండ దగ్గరా, పాల కేంద్రం దగ్గరా, గుడి దగ్గరా, ఇవన్నీ రాయండి. మీ ఫోనులో మ్యాప్ ఉంది కదా అని వదిలేయొద్దు. పాల కేంద్రం దగ్గర సాయంత్రం ఐదున్నరకు నలభై మంది నిలబడతారన్న సంగతి ఏ మ్యాపూ చెప్పదు.

ఇక్కడే చాలామంది తొందరపడి బండి కొంటారు. ఆగండి. టిట్కమ్ గారు బండితో మొదలుపెట్టలేదు, పెట్టెలతో మొదలుపెట్టారు. చెక్క పెట్టెలో 30 పుస్తకాలు సర్ది, కౌంటీలోని ఊళ్లలో ఉన్న దుకాణాలకు, పోస్టాఫీసులకు, అలాంటి చోట్లకు పంపేవారు. అక్కడివాళ్లు పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటారు, కొన్నాళ్లకు పెట్టె వెనక్కి వస్తుంది, కొత్త పెట్టె వెళుతుంది. మూడు నాలుగేళ్లలో అలాంటి చోట్లు 66 అయ్యాయి. బరోడా మహారాజు సయాజీరావు పిలిపించిన అమెరికన్ లైబ్రేరియన్ విలియం బోర్డెన్ 1910 నుంచి అక్కడ పనిచేశారు, ఆ సంస్థానంలో కూడా పుస్తకాలు పెట్టెల్లోనే పల్లెలకు తిరిగాయి. అంటే ఇది ఒక ఊరికి పనికొచ్చి ఇంకో ఊరికి పనికిరాని చిట్కా కాదు.

పెట్టెలో 30 అనే అంకెను తేలిగ్గా తీసుకోకండి. ముప్పై పుస్తకాలంటే ఒక మనిషి ఎత్తి అవతల పెట్టగల బరువు. దుకాణంలో ఒక మూల పడుతుంది. చదివేవాడు నిలబడి అన్నీ తిరగేయగలడు. మేం మొదట్లో ఉత్సాహం కొద్దీ ఒక్కో చోట నూట ఇరవై పెట్టాం. ఎవరూ కిందివరుస ముట్టుకోలేదు, పెట్టెను కదిలించలేక మార్చడం కూడా మానేశాం. ఇప్పుడు మేం ఊరికి ముప్పై అయిదే పెడుతున్నాం, పిల్లలవి పదిహేను, ఆడవాళ్లు ఎక్కువగా అడిగే కథలూ నవలలూ పది, పోటీ పరీక్షలవి అయిదు, వ్యవసాయం, ఆరోగ్యం, చరిత్ర కలిపి అయిదు.

పెట్టె ఎవరి దగ్గర పెడతారన్నది పుస్తకాల ఎంపిక కంటే పెద్ద విషయం. ఒక ఊళ్లో మేం ఒక ఆఫీసులో పెట్టాం, గౌరవంగా ఉంటుందని. అది పదకొండుకు తెరుచుకుంటుంది, నాలుగుకు మూస్తారు, ఆ సమయంలో పిల్లలు బడిలో, పెద్దవాళ్లు పొలంలో. మూడు నెలలకు వెళ్లి చూస్తే పెట్టె మీద దుమ్ము తప్ప వేలిముద్ర లేదు. దాన్ని అక్కడి నుంచి తీసి ఒక టైలరింగ్ షాపులో పెట్టాక మూడు వారాల్లో పెట్టె ఖాళీ అయింది, ఎందుకంటే కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లు అరగంట కూర్చుంటారు, వాళ్లతో పిల్లలు వస్తారు, పైగా ఆ టైలరమ్మకు ఊళ్లో ఎవరింట్లో ఎవరు చదువుతారో తెలుసు. కాబట్టి ఎక్కువ గంటలు తెరిచి ఉండే చోటు, జనం కాసేపు కూర్చునే చోటు, నలుగురినీ పేరు పెట్టి పిలిచే మనిషి, ఈ మూడూ ఉన్న చోటు వెతకండి.

ఇంత చేసినా టిట్కమ్ గారికి తృప్తి కలగలేదు. దుకాణం ఉన్న ఊరికి పెట్టె చేరుతుంది, మరి ఊరికి దూరంగా పొలంలో ఇల్లు కట్టుకున్న రైతు కుటుంబం సంగతేమిటి? అప్పుడు ఆవిడకు వచ్చిన ఆలోచనే బండి. లైబ్రరీ అనేది కంటికి కనబడేలా ఒక బండిని పంపితే స్నేహం ఇంకా గట్టిపడదా, మొదటి ఖర్చు పెట్టేశాక దాన్ని నడపడానికి ఇప్పటికంటే ఎక్కువేం అవుతుంది, మన కౌంటీలో రోడ్లు బాగున్నాయి కదా, దారులుగా విడగొట్టుకోవచ్చు కదా అని ఆవిడ వేసుకున్న ప్రశ్నలు రాసి ఉన్నాయి. కలగన్నట్టు కాకుండా ఖర్చు, రోడ్డు, దారి అని అడుగుతున్నారు చూడండి. మీరు దాతల దగ్గరికి వెళ్లినా ఈ మూడింటికీ జవాబు చేతిలో పెట్టుకుని వెళ్లండి. పల్లెలకు పుస్తకాలు చేర్చే పనికి ఆండ్రూ కార్నెగీ అనే అమెరికా ధనికుడి దగ్గర్నుంచి 2,500 డాలర్లు వచ్చాయి, అందులోంచే బండి తయారైంది.

ఆ బండి రూపం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం మా ఆటోను రెండోసారి కట్టించుకున్నది అది చూసే. కిరాణా సరుకులు ఇంటికి తెచ్చే బండికీ, ఆవిడ పుట్టిన న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో పాతరోజుల్లో రేకు సామాన్లు అమ్మే బండికీ మధ్యరకంగా ఉండేదని ఆవిడే రాశారు. పక్కలకు బయటివైపు తలుపులున్న అరలు, వాటిలో 200 పుస్తకాలు దాకా పడతాయి. మధ్యలో ఖాళీ, అందులో ఊళ్లకు మార్చాల్సిన 30 పుస్తకాల పెట్టెలు. లాగేది రెండు గుర్రాలు. తలుపు తీయగానే పుస్తకాలు ఎదురుగా కనబడతాయి, బండి ఎక్కక్కర్లేదు, వంగక్కర్లేదు. మేం మొదట ఆటో వెనక అట్టపెట్టెల్లో పేర్చాం, కావాల్సినవాళ్లు టైరు మీద కాలు పెట్టి ఎక్కి వెతుక్కోవాలి. చీర కట్టుకున్న ఏ అమ్మా ఎక్కదు, ముసలాయన అసలే ఎక్కడు. రెండోసారి రెండు పక్కలా పైకి లేచే రేకు తలుపులు పెట్టించి, లోపల వంపుగా మూడు అరలు కట్టించాం. తలుపు లేస్తే అదే నీడ కూడా అవుతుంది, చినుకు పడినా ఆగుతుంది. వెల్డింగ్ షాపు వాళ్లకు చెప్పేటప్పుడు అర ముందు అంచు వెనక అంచు కంటే కొంచెం ఎత్తుగా ఉండాలని గట్టిగా చెప్పండి, లేకపోతే గుంతలో పడ్డప్పుడల్లా పుస్తకాలు రోడ్డు మీద ఉంటాయి.

1905 ఏప్రిల్‌లో బండి బయలుదేరింది. మొదట్లో పగ్గాలు పట్టిందీ పుస్తకాలు ఇచ్చిందీ ఒక్కరే, జాషువా థామస్. ఆయన లైబ్రరీలో ఊడ్చి, తుడిచి, తాళాలు వేసే ఉద్యోగి. అంతకుముందు నుంచి పెట్టెలు ఊళ్లకు చేరవేసింది కూడా ఆయనే. డిగ్రీలున్న వాళ్లను ఎవరినో వెతకకుండా, దారులూ మనుషులూ తెలిసిన మనిషి చేతికే పగ్గాలిచ్చారు. మా దగ్గర ఆటో నడిపే అన్న పదో తరగతి మధ్యలో ఆపేసిన మనిషి. ఊరి మొగదల్లో హారన్ కొట్టగానే పిల్లలు ఆయన పేరు పిలుస్తూ పరిగెత్తుకొస్తారు. ఎవరింట్లో పెళ్లి కుదిరింది, ఎవరింట్లో పోయారు, ఎవరింటి ముందు ఇవాళ బండి ఆపకూడదు, అన్నీ ఆయనకు తెలుసు. మీరు బాగా చదువుకున్నవాళ్లయితే పుస్తకాల ఎంపిక మీరు చేసుకోండి, బండి దగ్గర ముందు నిలబడేది మాత్రం ఊరి మనిషే అయ్యుండాలి.

ఇక రంగు. నవ్వొచ్చే సంగతిలా కనిపిస్తుంది, కాదు. టిట్కమ్ గారి బండికి మొదట వేసిన రంగు నల్లగా, దిగులుగా ఉండేది. ఒక ఇంటి ముందుకు వెళ్లేసరికి లోపలి నుంచి ఒక గొంతు కంగారుగా, ఇక్కడ ఆపక్కర్లేదు, శవాల బండితో మాకు పనిలేదు అని కేకేసింది. మన దగ్గరైతే వైకుంఠ రథం అనేవాళ్లు. వెంటనే చక్రాలకూ అరల తలుపులకూ ఎర్ర రంగు వేయించారు. ఆవిడ ఆ మాటను దాచుకోలేదు, రాసిపెట్టారు. మీ బండికి రంగు వేసే ముందు మీ ప్రాంతంలో ఆ రంగు బళ్లు ఏం చేస్తుంటాయో చూసుకోండి. చెత్త బండి రంగు, పోలీసు జీపు రంగు, ఏదైనా పార్టీ జెండా రంగు వద్దు. మైకు పెట్టి పాట వేసినా అంతే, ఏ పాటకు జనం ఏమనుకుంటారో ముందే ఆలోచించండి. మేం ఒక ఊళ్లో మొదటిసారి ఆగినప్పుడు ఒక మామ్మ బయటికొచ్చి అడిగింది.

"ఏం అమ్ముతున్నారు నాయనా?"

"అమ్మడం లేదు మామ్మా, చదువుకోవడానికి ఇస్తున్నాం, మళ్లీ వచ్చినప్పుడు తిరిగిచ్చేయాలి."

"డబ్బులు తీసుకోకుండా ఎవరిస్తారు? తర్వాత సంతకాలు పెట్టమంటారు."

ఆవిడ భయం న్యాయమైనదే. ఊరికి వచ్చి ఊరికే ఇస్తామన్న వాళ్ల వల్ల ఆవిడ ఏం చూసిందో మనకు తెలియదు. వాదించకండి. ఆధార్ కార్డు అడగకండి, ఫోటోలు తీయకండి, మొదటి మూడు ట్రిప్పులు పేరు, వీధి రాసుకుంటే చాలు. ఆ మామ్మ నాలుగో ట్రిప్పులో మనవరాలిని పంపింది, ఆరో ట్రిప్పులో తనే వచ్చి పెద్ద అక్షరాల భాగవతం కథలు ఉన్నాయా అని అడిగింది.

థామస్‌కు టిట్కమ్ గారు మొదట్లోనే చెప్పిన ఆదేశం ఒకటుంది, నా దృష్టిలో ఈ పని మొత్తానికీ అదే గుండెకాయ. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి హడావుడిగా పరిగెత్తొద్దు, పుస్తకం ఎంచుకోవడానికి ప్రతి కుటుంబానికీ కావలసినంత సమయం ఇవ్వాలి. కౌంటీని 16 దారులుగా విడగొట్టారు. మొదటి ఆరు నెలల్లో బండి 31 ట్రిప్పులు తిరిగింది, ట్రిప్పుకి సగటున 30 మైళ్లు, అంటే 48 కిలోమీటర్లు. ఇచ్చిన పుస్తకాలు 1,008. లెక్క వేస్తే ట్రిప్పుకి 32 పుస్తకాలు. ఈ అంకె నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో చెప్పలేను. మేం రోజంతా తిరిగి ఇరవై ఎనిమిది పుస్తకాలు ఇచ్చి, ఇంత డీజిలు కాల్చి ఇంతేనా అని ఇంటికొచ్చి దిగులుపడిన రోజులున్నాయి. కాబట్టి రోజుకి ఎన్ని ఊళ్లు అని లక్ష్యం పెట్టుకోవద్దు. రోజుకి రెండు, మహా అయితే మూడు. ఊరికి గంటన్నర. మొదటి అరగంట పిల్లలే ఉంటారు, పెద్దవాళ్లు దూరం నుంచి చూస్తారు, గంట దాటాక ఒక్కొక్కరే వస్తారు. మేం మొదట్లో నలభై నిమిషాలకే తలుపులు దించేసేవాళ్లం, అంటే పెద్దవాళ్లు రావాలని అనుకునే సమయానికి వెళ్లిపోయేవాళ్లం.

బండి తలుపులు ఇంటి గేటు దగ్గర తెరుచుకుంటే ఆ అరల్లోని పుస్తకాలను కాదనలేరు, తూర్పుదేశాల నుంచి వచ్చిన వర్తకుడి మూటను కాదనలేనట్టే అని ఆవిడ ఒకచోట రాశారు. గాజుల మలారం దించిన వాకిలి చూసినవాళ్లకు ఆ మాట వెంటనే అర్థమవుతుంది. కొనాలని లేకపోయినా చెయ్యి చాచి చూస్తారు. ఆ చూడటానికి వీలివ్వండి. "ఏం కావాలి?" అని అడగకండి, చాలామందికి ఏం కావాలో తెలియదు, తెలియదని చెప్పడానికి సిగ్గు. పుస్తకాల అట్టలు బయటికి కనబడేలా కొన్నింటిని నిలబెట్టండి, చేతిలోకి తీసుకోనివ్వండి, వెనక్కి పెట్టేయనివ్వండి. పుస్తకం మనిషి దగ్గరికి వెళుతుంది, మనిషి వచ్చేదాకా ఆగదు అని కూడా ఆవిడే అన్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు, కాలువే దారి అయిన ఊళ్లకు ఆయన అలా వెళ్లారు. మీ ఊళ్లకు ఏది దారో దాన్ని పట్టుకోండి, టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు సంచులైనా సరే.

తేదీ తప్పకండి. పుస్తకం పోవడానికి పెద్ద కారణం దొంగతనం కాదు, మనం చెప్పిన రోజున రాకపోవడం. రెండుసార్లు రాకపోతే ఇక రారనుకుని పుస్తకం అటక మీదికి పోతుంది. మా మొదటి ఏడాదిలో పోయిన పుస్తకాల్లో ఎక్కువ భాగం వర్షాకాలంలో మేం మానేసిన రెండు నెలల్లో పోయినవే. ఇప్పుడు వానలకు రోడ్డు తెగే ఊళ్లకు ఆ రెండు నెలలు పెట్టె పంపుతాం, బండి రాదని ముందే చెబుతాం. పోయిన పుస్తకానికి జరిమానా వేయడం కూడా మానేశాం. పది రూపాయల జరిమానాకు భయపడి రానివాళ్ల వల్ల మేం మూడు వందల రూపాయల పుస్తకం కోల్పోయాం, చదివే మనిషినీ కోల్పోయాం.

ఇప్పుడు కష్టమైన భాగం. 1910 ఆగస్టులో ఆ బండి రైలు పట్టాలు దాటుతుండగా గూడ్సు రైలు గుద్దేసింది. బండి ముక్కలైంది. ఐదేళ్లు ఊరూరా తిరిగి, ఎర్ర చక్రాలతో అందరికీ గుర్తున్న బండి ఒక్క రోజులో లేదు. కొత్త బండి వచ్చింది 1912లో, ఈసారి మోటారుది, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు తయారుచేసింది, విలియం కెల్‌హోఫర్ అనే ఆయన ఇచ్చిన డబ్బుతో. ఆ మధ్యకాలం గురించి మీరు గట్టిగా ఆలోచించాలి. ఊళ్లలో పెట్టెలు పెట్టే పద్ధతి ఉంటే, బండి పోయినా పని చావదు. అందుకే బండి వచ్చాక పెట్టెలు ఎత్తేయకండి. పెట్టెల దగ్గరి మనుషులను వదులుకోకండి. మీ ఆటోకు ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ గడువు ఎప్పుడో రిజిస్టరు మొదటి పేజీలోనే రాసుకోండి, రిపేరు కోసం నెలనెలా కొంత పక్కన పెట్టండి. ఆటో కొనడానికి డబ్బిచ్చే దాత దొరుకుతాడు, క్లచ్ ప్లేటుకు ఇచ్చే దాత దొరకడు.

డబ్బిచ్చిన వాళ్లకూ ఊళ్లకూ ఏడాదికోసారి లెక్క రాసి ఇవ్వండి. టిట్కమ్ గారి వార్షిక నివేదికలు లేకపోతే పైన నేను చెప్పిన అంకెల్లో ఒక్కటీ మిగిలేది కాదు. రెండు పేజీలు చాలు. ఎన్ని ట్రిప్పులు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని పుస్తకాలు ఇచ్చాం, ఎన్ని తిరిగొచ్చాయి, ఎన్ని పోయాయి, ఏ ఊళ్లో పెట్టె పనిచేయలేదు, ఎందుకు, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. ఫలానా అమ్మాయి మా పుస్తకం చదివి ఉద్యోగం తెచ్చుకుందని రాయాలనిపిస్తుంది, రాయకండి, ఆ అమ్మాయి కష్టాన్ని మన ఖాతాలో వేసుకోవడం తప్పు. పేర్లు లేకుండా అంకెలు రాయండి. ఎవరైనా అన్న మాట బాగుంటే, అది మనల్ని తిట్టిన మాటైనా, అలాగే రాయండి. శవాల బండి అన్న కేక లేకపోతే ఎర్ర చక్రాలు ఎందుకు వచ్చాయో మనకు తెలిసేదా?

పని తెలిసిన ఇంకొకరిని తయారుచేయడం కూడా ఇందులో భాగమే, దీనికి ఆలస్యం చేయకండి. టిట్కమ్ గారి దగ్గర నెల్లీ క్రిసింజర్ అనే లైబ్రరీ ఉద్యోగిని బండి తలుపులు తెరిచి, గేటు గేటు దగ్గరా పుస్తకాలిచ్చే పనిలో ఉండేవారు. 1914లో టిట్కమ్ గారిని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌కు రెండో ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు, అదే ఏడాది ఏప్రిల్‌లో బెజవాడలో మనవాళ్లు మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరుపుకున్నారు. అంత పేరు వచ్చాక కూడా ఆవిడ హేగర్స్‌టౌన్ వదిలి పోలేదు. 1932లో కన్నుమూసేదాకా, 31 ఏళ్లు, అదే లైబ్రరీ. కాంకర్డ్‌లో, ఆవిడ జీతం లేకుండా పని నేర్చుకున్న ఊళ్లోనే, స్లీపీ హాలో శ్మశానంలో ఆవిడ సమాధి ఉంది. ఆవిడ పెట్టిన పద్ధతి ఆ కౌంటీలో ఇంకా నడుస్తోంది, ఆ లైబ్రరీకి ఇప్పటికీ పుస్తకాల బండి ఉంది.

మొదటి ట్రిప్పుకి ముందు రోజు రాత్రి ఇవి సర్దుకోండి: నంబర్లు వేసిన పుస్తకాలు నూట యాభైకి మించకుండా, గీతల రిజిస్టరు ఒకటి, దారం కట్టిన పెన్నులు రెండు, వాన వస్తే కప్పడానికి టార్పాలిన్, తాగడానికి నీళ్లు, పిల్లలు కూర్చోవడానికి ఒక పట్టా. మళ్లీ వచ్చే తేదీ, రోజు, సమయం, బండి ఆగే చోటు రాసిన చిన్న చీటీలు ఒక వంద. ప్రతి పుస్తకంలో ఒక చీటీ పెట్టి ఇవ్వండి. పుస్తకం తీసుకోకుండా ఊరికే చూసి వెళ్లేవాళ్లకు కూడా ఒకటివ్వండి.